మణియం ఇల్లు, షుల్ట్స్ ఇల్లు

ఒడుగత్తూరులో మా ఇంటికి దారి అడిగితే "మణియం ఇల్లా?" అని ఎదురడుగుతారు. తమిళులూ అంతే, మనవాళ్ళూ అంతే. మణియం అంటే గ్రామ మునసబు. మా పెదనాయనతోనే ఆ ఉద్యోగం ముగిసింది. ఆయన తరవాత ఆ ఇంట్లో బడిపంతుళ్ళు పుట్టారు, లారీ ఓనరు పుట్టాడు, ఇంజనీర్లు పుట్టారు. మణియం మాత్రం ఒక్కడూ పుట్టలేదు. పేరు కదల్లేదు.

ఇప్పుడు మనవడు జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాడు. వాడు అద్దెకున్న ఇంటాయన ఇంటిపేరు షుల్ట్స్. "తాతా, ఆయన పేరుకీ మణియమనే అర్థమంట" అని ఒకరోజు ఫోనులో చెప్పాడు. ఆ మాట పట్టుకుని చదివిన సంగతులూ, హెడ్మాస్టరుగా ఏళ్ళ తరబడి అడ్మిషన్ రిజిస్టర్లు రాస్తూ చూసిన సంగతులూ కలిపి, పిల్లల కోసం ఇలా అంకెలు వేసి పెడుతున్నాను. వరస నా ఇష్టం.

1. ఊరంతా చేసే పని ఎవరికీ పేరు కాదు.

గుడియాత్తంలో మగ్గాల వీధికి వెళ్ళి "నేతాయన ఇల్లెక్కడ?" అంటే నవ్వుతారు. ఏ తలుపు తట్టినా లుంగీలు నేసేవాళ్ళే. అక్కడ మనిషిని గుర్తుపట్టాలంటే వేరే ఆనవాలు చెప్పాలి: చింతచెట్టు కిందాయన, ఆంబూరు నుంచి వచ్చినాయన, పొడుగాయన. మగ్గం ఒక్కటే ఉన్న పల్లెలో అయితే "నేతాయన" అంటే చాలు.

జర్మనీలో ఎక్కువమందికి ఉన్న పది ఇంటిపేర్లు ఇవి: ముల్లర్, ష్మిట్, ష్నైడర్, ఫిషర్, వెబర్, మేయర్, వాగ్నర్, బెకర్, షుల్ట్స్, హోఫ్‌మన్. పిండిమర ఆడించేవాడు, కమ్మరి, దర్జీ, చేపలు పట్టేవాడు, నేతగాడు, దొర కమతం చూసే పెత్తందారు, బండ్లు చేసేవాడు, రొట్టెలు కాల్చేవాడు, గ్రామపెద్ద, కమతం మనిషి. పదికి పదీ పని పేర్లే. వీటిలో చాలావరకు ఊరికి ఒకడో ఇద్దరో ఉండే పనులు. అలాంటి ఊళ్ళు వేలల్లో ఉన్నాయి కాబట్టి ముల్లర్లు లక్షల్లో ఉన్నారు. ఒకే తాత సంతానం దేశమంతా పాకిందని అనుకోకూడదు. ఏ ఊరి ముల్లరు ఆ ఊరివాడే, ఒకరికొకరు చుట్టాలు కారు.

మర సంగతి ఇంకో మాట చెప్పాలి. అక్కడ చాలాచోట్ల రైతు తన గింజలను దొరగారి మరలోనే ఆడించుకోవాలన్న కట్టడి ఉండేది. ఊరంతా ఆ ఒక్క గడపకే వచ్చి నిలబడాలి, ఆ ఒక్కడి పేరే తలుచుకోవాలి. మా అవ్వల కాలంలో ఇక్కడ ఇంటింటికీ తిరగలి. తెల్లారకముందే ఆడవాళ్ళు విసురుకునేవాళ్ళు. అందుకే ముల్లరుకు జోడీగా నిలబడే ఇంటిపేరు మన తెలుగువాళ్ళలో నాకు తగల్లేదు. కూలి పుచ్చుకుని మగవాడు చేస్తే అది పేరయింది. కూలి లేకుండా ఇంట్లో ఆడది చేస్తే ఆ పనికి పేరే లేదు. ఇది జర్మనీకీ మనకూ ఒకటే.

2. పెత్తనం పేరు భూమితో పాటు దిగుతుంది.

షుల్ట్స్ అన్న మాటకు పాత రూపం షుల్ట్‌హైస్. బాకీ ఇంత అని చెప్పి కట్టించేవాడని అర్థం. దొర తరఫున శిస్తు వసూలు చేయడం, చిన్న తగాదాలు కూర్చుని తీర్చడం అతని పని. 12, 13 శతాబ్దాల్లో జర్మన్ రైతులు ఎల్బె నది దాటి తూర్పుకు వలసపోయి, అడవులు కొట్టి కొత్త ఊళ్ళు కట్టుకున్నారు. జనాన్ని పోగుచేసి తీసుకువెళ్ళిన పెద్దమనిషికే చాలాచోట్ల ఆ కొత్త ఊరి షుల్ట్స్ పదవిని వంశపారంపర్యంగా ఇచ్చారు. పన్నులేని భూమి ఇచ్చారు. జరిమానాల్లో మూడో వంతు ఇచ్చారు. అందుకే బ్రాండెన్‌బుర్గ్, పొమెరేనియా వైపు ఈ పేరు దట్టం. సైలీషియాలో అదే షోల్ట్స్ అయింది, పడమట వెస్ట్‌ఫాలియాలో షుల్టె. పోలండులో 'సోవ్తిస్' అని గ్రామపెద్దను ఇప్పటికీ ఎన్నుకుంటారు. ఆ మాటా ఇదే. పుట్టిన దేశంలో ఉద్యోగం పోయి పేరు మిగిలితే, పక్కదేశంలో ఉద్యోగమే మిగిలింది.

మన వైపు లెక్క దీనికి చాలా దగ్గర. 1816లో మద్రాసు ప్రభుత్వం రెగ్యులేషన్లు చేసి, గ్రామపెద్దను మునసబుగా గుర్తించి, పది రూపాయల లోపు దావాలు విచారించే అధికారం ఇచ్చింది. పోలీసు పని కూడా కొంత అతని మీదే పెట్టింది. కర్ణం లెక్క రాస్తాడు, మణియం కిస్తు వసూలు చేస్తాడు, తలారి కాపలా కాస్తాడు. 1895 చట్టం ఇవి వంశపారంపర్యమని రాసిపెట్టింది. తండ్రి పోతే కొడుకు. కొడుకు మైనరైతే పెద్దయ్యేదాకా ఇంకొకరు చూసేవాళ్ళు.

ఏటా ఊరి లెక్కలు చూపే జమాబందికి మా పెదనాయన తలపాగా చుట్టి బయల్దేరుతుంటే పిల్లలకు మహా గొప్పగా ఉండేది. కిస్తు రోజుల్లో మాత్రం నీళ్ళకు పోయే ఆడవాళ్ళు మా వీధి తప్పించి పక్క వీధిలోంచి పోయేవాళ్ళని మా అవ్వ చెప్పేది. బాకీ కట్టించేవాడి ఇంటి ముందు నుంచి ఎవరు నడుస్తారు? షుల్ట్స్ అంటే గౌరవమని ఆ జర్మనీ ఇంటాయన మనవడితో అన్నాడట. ఆయన ఊరి పాత రైతులను అడిగి ఉంటే ఏమనేవాళ్ళో!

3. ఆ పేరు మనిషిదో, ఇంటిదో ముందు తేల్చుకోండి.

వెస్ట్‌ఫాలియాలో ఇంటిపేరు కమతానికి చెందేది. కొడుకు లేని ఇంటికి అల్లుడు వచ్చి సేద్యం అందుకుంటే, అతను తన పేరు వదిలి ఆ కమతం పేరు పెట్టుకునేవాడు. అలా షుల్టె కమతంలో కాలుపెట్టినవాడు షుల్టె అయ్యాడు. కాబట్టి రక్తం వేరు, పేరు వేరు.

మన ఇల్లరికపు అల్లుడు కాగితాల మీద తన ఇంటిపేరు వదలడు, దత్తత పోయినవాడు వదులుతాడు. ఊరి నోరు ఈ తేడాలేవీ పట్టించుకోదు. మా ఇంటికి ఇల్లరికం వచ్చిన చిన్నాయన ఒకరు జీవితాంతం గొర్రెల బేరం చేశారు. శుక్రవారం సంతలో ఆయనను అందరూ "మణియం" అనే పిలిచేవాళ్ళు. ఆయన ఏనాడూ కాదనలేదు. బేరానికి అది పనికొచ్చేది మరి.

4. పేరును కదలకుండా కట్టేసేది గుమాస్తా కలం.

నోటిమాటగా ఉన్నంతకాలం పేరు తరం తరానికీ మారుతుంది. కమ్మరి కొడుకు రొట్టెలు కాలిస్తే బెకరే. రాతలోకి ఎక్కిన రోజున ఆగిపోతుంది. జర్మన్ పట్టణాల్లో 12వ శతాబ్దం నుంచే ఇంటిపేర్లు కనిపిస్తాయి, పల్లెలకు పాకడానికి కొన్ని వందల ఏళ్ళు పట్టింది. యూదులు స్థిరమైన ఇంటిపేరు పెట్టుకోవాలని ప్రష్యా 1812లో శాసించింది. 1876 జనవరి 1 నుంచి దేశమంతటా పుట్టుక, పెళ్ళి, చావు సర్కారు రిజిస్టరులోకి ఎక్కాయి. అంతకుముందు చర్చి పుస్తకంలో పాస్టరు చెవికి ఎలా వినబడితే అలా రాసేవాడు. ఆనాటికి ఎవరి పేరు ఏ అక్షరాలతో ఉందో అదే ఖాయమైపోయింది. ఇప్పుడు షుల్ట్సులు నాలుగైదు రకాల స్పెల్లింగులతో ఉన్నారంటే అది వంశాల తేడా అనుకోకండి, చాలామటుకు రాసినవాళ్ళ చేతివాటం.

ఒడుగత్తూరులో జరిగింది దీనికి తిరగబడిన కథ. అక్కడ రిజిస్టరు ఇంటిపేరును నిలబెట్టింది, ఇక్కడ రిజిస్టరే దాన్ని తుడిచేసింది. ఉత్తర ఆర్కాటు జిల్లాకు 1911 దాకా చిత్తూరే ముఖ్యపట్టణం. కచేరీలో తెలుగు నడిచేది. జిల్లా విడిపోయాక మేము తమిళం వైపు ఉండిపోయాం. తమిళ పద్ధతిలో తండ్రి పేరులో మొదటి అక్షరమే పిల్లవాడి ఇనిషియల్. బడిలో చేర్చడానికి వచ్చిన తండ్రిని "పేరేంటి?" అంటే మునిరత్నం అంటాడు. పిల్లవాడు ఎం. కుమార్ అయిపోతాడు. ఇంటిపేరు అడిగే గడి రిజిస్టరులో లేదు. గడి లేని సంగతిని గుమాస్తా అడగడు, అడగనిది తండ్రి చెప్పడు. రెండు తరాలు ఇలా గడిచేసరికి ఇంటిపేరు పెళ్ళిపత్రిక మీదికి మాత్రమే పరిమితమైంది.

మా మనవడి పాస్‌పోర్టులో ఇంటిపేరు ఉండాల్సిన చోట వాళ్ళ నాన్న పేరుంది. కాబట్టి జర్మనీలో వాడి ఉత్తరాలన్నీ మా అబ్బాయి పేరుకే వస్తాయి. "హేర్" అని గౌరవంగా పిలిస్తే ఇక్కడ కూర్చున్నవాడు అక్కడ పలకాలి.

5. పని వదిలినా పేరు వెంటే పోతుంది, ఎక్కడికైనా.

స్నూపీ కుక్కపిల్లను, చార్లీ బ్రౌన్‌ను గీసిన చార్లెస్ షుల్ట్స్ 1922లో అమెరికాలో పుట్టాడు. జర్మనీలో పుట్టి వలసవచ్చిన అతని తండ్రి మంగలి పని చేసేవాడు. ఊరికి శిస్తు కట్టించినవాడి పేరు పెట్టుకుని క్షౌరం చేసి కుటుంబాన్ని పోషించాడు. కొడుకు బొమ్మలు గీసి ఆ పేరును ప్రపంచమంతా తిప్పాడు. అంత బలగం ఏ గ్రామపెద్దకు ఉంటుంది?

మనవాళ్ళలో వెతికితే ఇలాంటివి బోలెడు. దళవాయి అంటే సేనాపతి. ఆ ఇంటిపేరున్న చలపతిరావు గారు అనంతపురం వైపు నిమ్మలకుంటలో తోలుబొమ్మలు ఆడించి 2020లో పద్మశ్రీ అందుకున్నారు. ఇంటి పేరులో ఒక సైన్యం, చేతిలో తెర వెనక నడిచే ఇంకో సైన్యం. సుంకర అంటే దారిలో సుంకం వసూలు చేసేవాడు. సుంకర సత్యనారాయణ గారు వాసిరెడ్డి భాస్కరరావు గారితో కలిసి 'మా భూమి' నాటకం రాశారు. పన్నులకూ దొరలకూ ఎదురు నిలిచిన రైతుల కథ అది. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ పెట్టిన గాజుల లక్ష్మీనరసు శెట్టి గారి ఇంటిపేరులో గాజులున్నాయి, వ్యాపారం నీలిమందూ బట్టలూ.

మాక్స్ ముల్లరు పిండి ఆడించలేదు, బోరిస్ బెకర్ రొట్టె కాల్చలేదు అని మనం నవ్వుతాం. మన పక్కింటి కరణం వాళ్ళబ్బాయికి బస్సు టిక్కెట్టు చిల్లర లెక్క కూడా రాదని మాత్రం గమనించం.

6. చదువు ఎక్కువైతే పేరుకు వేషం వేస్తారు.

16, 17 శతాబ్దాల్లో జర్మన్ పండితులకు తమ పేర్లు మోటుగా అనిపించి లాటిన్‌లోకి మార్చుకున్నారు. మిషాయెల్ ప్రెటోరియస్ అని 1571లో పుట్టిన గొప్ప సంగీతకర్త ఉన్నాడు. వాళ్ళ ఇంటిపేరు అసలు మన షుల్ట్‌హైసే. ముల్లరు మీలియుస్ అయ్యాడు.

వీళ్ళతో మన తెలుగుకు సంబంధం ఉంది. బెంజమిన్ షుల్ట్సె 1719లో తరంగంబాడిలో దిగిన లూథరన్ మిషనరీ. తరవాత మద్రాసుకు మారి, అక్కడ తెలుగు నేర్చుకుని, 1728లో లాటిన్‌లో తెలుగు వ్యాకరణం రాశాడు. 1743లో తిరిగివెళ్ళి, హాలె పట్టణంలో 1746 నుంచి చిన్న చిన్న తెలుగు మతగ్రంథాలు అచ్చువేయించాడు. తెలుగు అక్షరం అచ్చులోకి ఎక్కింది అక్కడే. ఆయన వ్యాకరణం మాత్రం రాతప్రతిగా పడి ఉండి 1984లో గానీ వెలుగు చూడలేదు. 1865 ప్రాంతంలో సూళ్ళూరుపేట, నాయుడుపేటల వైపు హెర్మన్స్‌బుర్గ్ మిషన్ తరఫున పని మొదలుపెట్టిన ఆగస్ట్ మీలియుస్ ఉన్నాడు. ఒకడు మణియం, ఒకడు మరాయన. ఇద్దరూ మన ఊళ్ళకు వచ్చి వాక్యం చెప్పారు. అప్పటి తెలుగువాళ్ళు వీళ్ళ ఇంటిపేర్లకు అర్థం అడిగి ఉంటే దొరల మీద భయం సగం తగ్గేదేమో.

7. మన ఇంటిపేర్లలో పని తక్కువ, ఊరు ఎక్కువ. కారణం వెతకండి.

చాలామంది "మనకు పని పేర్లు లేవు" అంటారు. ఉన్నాయి, వేరేచోట ఉన్నాయి. కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, మంగలి అన్న మాటలు మన దగ్గర కులం పేర్లుగా స్థిరపడ్డాయి. జర్మనీలో కమ్మరి కొడుకు ఇంకో పని చేసుకోవచ్చు కాబట్టి 'ష్మిట్' అన్నది ఒక ఇంటి ఆనవాలుగా మిగిలింది. ఇక్కడ కమ్మరి వీధిలో అందరూ కమ్మర్లే, కొడుకులూ కమ్మర్లే. ఒకరి నుంచి ఇంకొకరిని విడదీయడానికి ఆ మాట పనికిరాదు. పైగా మనకు ఇంటిపేరుతో పెద్ద పని పెళ్ళిళ్ళ దగ్గర. ఒకే ఇంటిపేరువాళ్ళు అన్నదమ్ముల వరస, పిల్లనివ్వకూడదు, తెచ్చుకోకూడదు. అందుకని ఎక్కడి నుంచి వచ్చారో ఆ ఊరు, ఇంటి ముందున్న చెట్టు, తాత చేసిన ఘనకార్యం ఇంటిపేర్లయ్యాయి.

అయినా పని ఎక్కడ ఇంటిపేరులోకి దూరిందో చూడండి: కరణం, తలారి, సుంకర, దళవాయి, జోస్యుల, పూజారి. చాలావరకు ఇవి కొలువులు. కులమంతా చేసేవి కావు, కులంలో ఒకడికి దొరికినవి. మొదటి పాఠమే ఇక్కడా పనిచేస్తోంది. బడిలో పిల్లలకు ఇది చెప్పినప్పుడల్లా వెనకబెంచీవాడు ఒకడు లేచి "మరి చాకిరీ చేసినవాళ్ళకు కులం, కొలువు చేసినవాళ్ళకు ఇంటిపేరా సార్?" అనేవాడు. ప్రతి బ్యాచిలోనూ ఆ ఒకడు ఉంటాడు. ఆ ప్రశ్నకు సర్దిచెప్పే జవాబు నా దగ్గర ఎప్పుడూ లేదు, ఉండకూడదు కూడా.

8. పేరు వెనక తోక కూడా ఒకప్పటి కొలువే.

నాయుడు అన్నది నాయకుడి నుంచి వచ్చింది. వేలూరు కోట విజయనగరం కాలపు నాయకులదే, అప్పయ్య దీక్షితులను పోషించిన చిన్న బొమ్మ నాయకుడు ఈ కోటవాడే. శాసనాల్లో రట్టగుడి అని కనిపించే గ్రామాధికారి మాటే రెడ్డి అయిందని భాషా చరిత్రకారులు చెబుతారు. అంటే షుల్ట్సుకు అసలైన జోడీ రెడ్డి! ఒక ఊరికి ఒకడే ఉండాల్సిన పదవి, కులమంతటికీ గౌరవవాచకమై పాకింది. జర్మనీలో పదవి ఒక కుటుంబానికి అంటుకుంటే, ఇక్కడ కులానికి అంటుకుంది.

తమిళనాడులో ఈ తోకలు తెగాయి. 1929లో చెంగల్పట్టులో జరిగిన ఆత్మగౌరవ మహానాడు కులబిరుదులు వదలమని తీర్మానించింది. మా నాన్న తరంలో సంతకం చివర నాయుడు ఉంది, నా సంతకంలో లేదు. ఇంటిపేరు ముందే పోయింది. ఇటు పోయి అటు పోయి మేము మధ్యలో పేరొక్కటితో మిగిలాం. దీనికి నాకు బాధ లేదు. తోక పోవడం మంచిదే. ఇంటిపేరు మాత్రం ఇంకో సంగతి. తిరుత్తణిలో పుట్టి, వేలూరు ఊరీస్ కాలేజీలో చదివిన రాధాకృష్ణన్ గారి పేరు ముందున్న 'ఎస్' తండ్రి పేరు కాదు, సర్వేపల్లి. నెల్లూరు వైపు ఊరు. చరిత్రకారుడైన కొడుకు గోపాల్ గారూ సర్వేపల్లే. తమిళనేల మీద ఉండి కూడా నిలుపుకున్నవాళ్ళున్నారన్నమాట.

9. పోస్టు పోయిన తేదీ రాసిపెట్టుకోండి.

వంశపారంపర్యంగా గ్రామోద్యోగం ఇవ్వడం రాజ్యాంగానికి విరుద్ధమని 1960లోనే, గుంటూరు జిల్లా మునసబు కేసు ఒకదానిలో, సుప్రీం కోర్టు చెప్పింది. 1980 నవంబరులో ఎంజీఆర్ ప్రభుత్వం ఇక్కడ మణియం, కర్ణం పోస్టులను రద్దుచేసింది. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆంధ్రలో రద్దుచేసింది. మా పెదనాయన కట్టలన్నీ, చిట్టా అడంగళ్ళన్నీ అప్పగించి వచ్చారు. ఇప్పుడు పరీక్ష రాసి వచ్చిన వీఏఓ (గ్రామ పాలనాధికారి) ఉంటారు. మా ఊరికి ఒకసారి ఒక అమ్మాయి వచ్చింది. ఆమె ఆఫీసుకు దారి అడిగినవాళ్ళకు జనం "మణియం ఇల్లు దాటి ఎడమకు తిరగండి" అని చెప్పేవాళ్ళు.

10. ఇంటిపేర్లు కావాలంటే ఆడవాళ్ళను అడగండి.

మగవాడికి ఒక ఇంటిపేరు తెలుస్తుంది. ఆడదానికి పుట్టింటిది, మెట్టినింటిది, అమ్మ పుట్టింటిది, వదినలది, కోడళ్ళది అన్నీ తెలుస్తాయి, ఎందుకంటే సంబంధాలు కలిపేది వాళ్ళే. మా అత్త ఒకావిడ, అక్షరం రాదు, గుడియాత్తం నుంచి పలమనేరు దాకా ఏ ఇంటికి ఏ ఇల్లు వియ్యమో నోటితో చెప్పేది. మా అసలు ఇంటిపేరు నాకు ఆవిడ దగ్గరే దొరికింది, తాలూకా ఆఫీసులో కాదు. జర్మనీలో పెళ్ళయ్యాక ఏ ఇంటిపేరు పెట్టుకోవాలో దంపతులు తేల్చుకోవచ్చని, భార్యదైనా సరేనని 1976 నుంచి చట్టం ఉంది. 2025 మే నుంచి ఇద్దరివీ కలిపి కూడా పెట్టుకోవచ్చట. మనవడు ఆ సంగతి చెప్పి ఊరుకున్నాడు. వాడు ఊరుకున్న తీరు చూసి ఇంట్లో ఆడవాళ్ళు సంబంధాలు వెతకడం మొదలుపెట్టారు.

ఇప్పుడు కుదిరేలా ఉన్న పిల్ల చిత్తూరు వైపు. ఇంటిపేరు సుంకర. కిస్తువాళ్ళూ సుంకంవాళ్ళూ వియ్యమందితే ఊళ్ళో జనానికి ఇంక మిగిలేదేముందని మా బావమరిది ఎకసెక్కాలాడుతున్నాడు.